గోడవారన ఎర్ర పుల్కులు

మా అత్తగారు గున్వోర్ లెక్కలో మనుషులు రెండే రకాలు. శనివారం పొద్దున్నే స్కీలు కట్టుకునేవాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు. మూడో రకం ఉంటారంటే ఆవిడ ఒప్పుకోదు. మా ఇల్వా పుట్టాక వచ్చిన మొదటి చలికాలం కదా, పసిపిల్లతో ఈసారి ఇంటిపట్టునే ఉందామా అని నేను ఒకసారి నోరు జారాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం అమ్మాయ్, పిల్లకి మంచు పడదని డాక్టరేమైనా చెప్పాడా?"

"అలాగని కాదు అత్తయ్యా, ఇంకా చిన్నది కదా అని..."

"మీ ఆయనకి పళ్ళు రాకముందే పుల్కులో పడుకోబెట్టి కొండెక్కించాను. ఎలా ఉన్నాడో చూడు." అంది. పుల్క్ అంటే పిల్లల్ని పడుకోబెట్టి, జిప్ మూత వేసి, మంచు మీద లాగే చిన్న బండి.

మా ఆయన ఐలిఫ్ అప్పటికి బూటు కాలికి ఎక్కక నేలమీద కూలబడి దానితో కుస్తీ పడుతున్నాడు.

దాచడమెందుకు, నాకూ కావలసింది అదే. శుక్రవారం మధ్యాహ్నం నుంచే బడిలో నా మనసు నిలవదు. పిల్లలకి లెక్కలు చెబుతూ కిటికీలోంచి మబ్బు వంక చూస్తుంటాను. సాయంత్రానికి కారు సర్దుకుని అత్తగారి క్యాబిన్‌కి చేరేసరికి గుమ్మం కనపడనంత మంచు పేరుకుని ఉంటుంది. ఐలిఫ్ పార పట్టుకుని తవ్వుతాడు, నేను పొయ్యి రాజేస్తాను, ఆవిడ స్కీలన్నీ వరసగా పేర్చి రేపటి చలికి వాటి అడుగున ఏ రంగు మైనం పూయాలో తీర్పు చెబుతుంది. తెల్లారి బయటికొస్తే కొత్త మంచు మీద ఒక్క అడుగు కూడా పడి ఉండదు. మొదటి జారుకి ముక్కులోకి దూరే ఆ చల్లగాలికి వారం రోజుల చిరాకంతా దిగిపోతుంది. ఈ ఏడు మంచు కూడా మామూలుగా పడలేదు, ఒక్క వారం నాగా పెట్టకుండా దంచింది. నా జన్మలో అంత మంచి చలికాలం చూడలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఇల్వాకి కూడా బాగా ఒంటబట్టింది. పుల్క్ ముందు ఐలిఫ్ నడుముకి పటకా బిగించుకుని లాగుతుంటే, వెనక గొర్రెతోలు పరుపు మీద అది హాయిగా నిద్రపోయేది. దానికి ఒకటే దురలవాటు, ఎడమచేతి తొడుగు పీకి పారేస్తుంది. ఎన్నిసార్లు తొడిగినా అంతే. కుడిచేతిది మాత్రం ముట్టుకోదు. ఆ పుల్క్ ఎర్రటిది. ఆ కొండ మీద ఎవరిది చూసినా ఎర్రటిదే, లోయలో స్కీలు అద్దెకిచ్చే షాపు వాడికి వేరే రంగు దొరకదు.

ఫిబ్రవరిలో ఆ శనివారం బోర్గిల్ అనే ఆవిడ నడిపే వాఫిళ్ళ కొట్టుకి వెళ్ళాం. మా క్యాబిన్ నుంచి గడ్డకట్టిన చెరువు దాటి, అవతల గట్టెక్కితే వస్తుంది. కొట్టు గోడ పొడుగునా ఎర్ర పుల్కులు బారులు తీరి ఉన్నాయి. లోపల తల్లిదండ్రులు వాఫిళ్ళు తింటుంటారు, బయట పిల్లలు నిద్రపోతుంటారు. మా దగ్గర ఇది తరతరాల ఆచారం. మా పుల్క్ ఎప్పుడూ ఎడమ కొస. ఆ చోటు గున్వోర్‌ది అని కొండంతా తెలుసు.

మా వెనకే ఒక హాలండ్ ఆయన వచ్చాడు. పేరు రూలాఫ్ అని తర్వాత తెలిసింది. స్కీల మీద నిలబడడమే కష్టంగా ఉంది ఆయనకి. వాళ్ళ దేశంలో కొండ అంటే వంతెన ఎక్కి దిగడమే కదా. వరస కుడి కొసన పుల్క్ ఆపాడో లేదో, జిప్ తీసి పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళబోయాడు. మా అత్తగారు ఊరుకుంటే కదా.

"ఏవండోయ్! నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎవరైనా లేపుతారా?" అంది, తనకొచ్చిన ఇంగ్లీషులో.

"చలి కదండీ. మావాడికి అలవాటు లేదు."

"ఇన్ని పుల్కుల్లో ఉన్నవాళ్ళు పిల్లలు కారా? మీవాడేమైనా రాజుగారి కొడుకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మొహం ఎర్రబడింది. జిప్ మళ్ళీ వేసేసి మా వెంట లోపలికొచ్చాడు.

లోపలికైతే వచ్చాడు గానీ కుదురుగా కూర్చుంటేనా! భార్యకి మోకాలు మెలిపడి కింద హోటల్లో ఉందట, పిల్లాడి బాధ్యత అంతా తనదేనట. వాఫిల్ ఒక ముక్క కొరకడం, లేచి బయటికెళ్ళి చూసి రావడం. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ బయటికి. తలుపు తెరిచినప్పుడల్లా మంచు మా కాఫీల్లో పడుతోంది.

"పిల్లాడేమైనా లేచి స్కీలు కట్టుకుని పారిపోయాడా?" అని నేను అడిగాను.

"గాలి మళ్ళింది, మంచు తిన్నగా పిల్లల మీదే పడుతోంది" అన్నాడు. నా వేళాకోళం ఆయన చెవికెక్కలేదు. బోర్గిల్ దగ్గరకెళ్ళి, వాడు లేస్తే పెట్టడానికి పాలు తగలనిది ఏమైనా ఉందా అని అడిగాడు. "వాడికి పాలు సరిపడవండీ. వెన్న కూడా. ఒక్క చుక్క నోట్లో పడినా గొంతు వాచి ఊపిరాడదు. సూదిమందు నా జేబులోనే పెట్టుకు తిరుగుతుంటాను."

ఆయన అటు తిరగ్గానే మా అత్తగారు మూతి విరిచింది. "పాలు పడని పిల్లాడట! గాలి కూడా పడదేమో, అడగవే."

నాకు నవ్వాగలేదు. గోధుమరంగు జున్ను వాఫిల్‌లో మడిచి నోట్లో కుక్కుకుంటూ మరీ నవ్వాను.

మేం బయటపడేసరికి గాలి బాగా ముదిరింది. మంచు అడ్డంగా కొడుతోంది. ముందు గోడ దగ్గర ఒక్క పుల్క్ కూడా లేదు. ఐలిఫ్ మూల తిరిగి చూసి, "ఇవిగో, వెనక్కి చేర్చారు ఎవరో. ఇక్కడ గాలి లేదు" అని కేకేశాడు. అన్నీ వెనక గోడ వారన బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఎడమ కొసన ఉన్నదాన్ని ఐలిఫ్ నడుముకి తగిలించుకున్నాడు. నేను వంగి జిప్ మీద చెయ్యి వేశాను.

"తియ్యకే! గాలంతా లోపలికి కొడుతుంది. కదలడం లేదంటే నిద్రపోతోందనేగా" అంది అత్తగారు.

చెయ్యి తీసేశాను. ఆ చెయ్యిని ఇప్పటికీ నేను క్షమించలేదు.

క్యాబిన్‌కి చేరేసరికి కనుబొమల మీద మంచు గడ్డలు కట్టింది. ఐలిఫ్ పుల్క్‌ని తిన్నగా లోపలి గదిలోకి లాక్కొచ్చాడు. నేను తొడుగులు విప్పుకుని, "లేచావా నా బంగారం?" అంటూ జిప్ బర్రుమని లాగాను.

నల్లటి కళ్ళు. ఉంగరాల జుట్టు. నోట్లో పచ్చ రంగు పాలపీక. ఆ పిల్లాడు నన్ను చూసి నవ్వాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఎంత సిగ్గుచేటంటే, మొదట నేను వాడి ముఖంలో ఇల్వాని వెతికాను. చలికి మొహం మారిందా అనుకున్నాను. తర్వాత పరుపు ఎత్తి అడుగున చూశాను, ఇల్వా కింద ఉందేమోనని. గొర్రెతోలు విదిలించాను. నా నోట్లోంచి ఏదో అరుపు వస్తోందని ఐలిఫ్ భుజాలు పట్టుకుని కుదిపేదాకా నాకే తెలియలేదు.

"ఇది మన పిల్ల కాదు" అన్నాను. "ఐలిఫ్, ఇది మన పిల్ల కాదు."

ఐలిఫ్ వంగి చూశాడు. అంత మాటకారి మా అత్తగారు గోడకి చేరగిలబడి, "ఎడమ కొసదే కదరా తీశావు... ఎడమ కొసదే కదా..." అని అదే మాట గొణుగుతోంది.

బోర్గిల్ కొట్టు చీకటి పడకముందే మూసేస్తుంది. ఇంకెవరైనా ఇల్వాని తమ పిల్లే అనుకుని లాక్కుపోయారా? పోతే ఏ వైపు? లేక అందరూ వెళ్ళిపోయాక ఆ వెనక గోడ దగ్గర, ఎవరికీ కనపడకుండా, మంచు కప్పేస్తుంటే అదొక్కతే పడి ఉందా? ఎడమచేతికి తొడుగు లేకుండా?

మా క్యాబిన్ దగ్గర ఫోను పలకదు. వెనక గుట్టెక్కితే పలుకుతుంది. "నేను గుట్టెక్కి సహాయక దళానికి ఫోన్ చేస్తాను. నువ్వు నాకంటే వేగం, నువ్వు కొట్టుకి పో" అన్నాడు ఐలిఫ్.

"మరి వీడు?" అన్నాను. ఎవరి కొడుకో ఏమో, పాపం, పీక ఊడిపోయి పెదవి విరుస్తున్నాడు. "వీణ్ణి ఈ గాలిలో మళ్ళీ ఎలా తీసుకెళ్తాం?"

"మీరు పొండి. వాడి సంగతి నాకొదిలెయ్యి. ఆకలేస్తున్నట్టుంది, పాలు వెచ్చబెట్టి పడతాను" అంది అత్తగారు.

నేను స్కీలు కట్టుకుని బయటపడ్డాను.

చెరువు మీద ఏమీ కనపడడం లేదు. దారి గుర్తుకి పాతిన కర్రలు ఒకటి దాటాక గానీ ఇంకోటి తెలియడం లేదు. చిన్నప్పటి నుంచీ నేను ప్రాణం పెట్టుకున్న మంచే అది. ఆ పూట దాన్ని బండబూతులు తిట్టాను. ఊపిరి అందక ఆగినప్పుడల్లా ఇల్వా ఏడుపు వినపడినట్టుండేది, ఆగి వింటే గాలి. దేవుడికి మొక్కే అలవాటు నాకు లేదు. ఆ వేళ ఎవరికి మొక్కానో తెలియదు గానీ మొక్కాను.

చెరువు దాటి గట్టు మొదలయ్యే చోటికి వచ్చాను. ఇక ఆ ఎత్తు ఎక్కితే కొట్టే. అక్కడ కర్ర పక్కన ఏదో కదిలింది. లేచింది, పడింది, మళ్ళీ లేచింది. మనిషి. ఒక స్కీ కాలికుంది, ఇంకోటి చేతిలో ఉంది. టోపీ లేదు. జుట్టంతా మంచు.

హాలండ్ ఆయన.

ఇద్దరం ఒక్కసారే అరిచాం. "నా పిల్ల ఎక్కడ?" అని నేను, "నా కొడుకు ఎక్కడ?" అని ఆయన.

ఆయనే ముందు చెప్పాడు. "మీ పాప లోపల ఉంది. బోర్గిల్ గారి ఒళ్ళో, పొయ్యి దగ్గర. బాగుంది. ఎడమచేతికి తొడుగు ఉంచుకోవడం లేదు, ఎంత తొడిగినా పీకేస్తోంది. నా కొడుకు..."

బతికి ఉంది, వెచ్చగా ఉంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "మీ వాడు మా క్యాబిన్‌లో ఉన్నాడు. భయం లేదు, మా అత్తగారు..."

మా అత్తగారు పాలు వెచ్చబెడుతోంది.

ఆయన నా మొహం చూశాడు. కోటు లోపలి జేబులోంచి పెన్నులాంటి సూదిమందు తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇవ్వడానికే, నిలబడడం కూడా రాని ఆ మనిషి, బోర్గిల్ ఆగమంటున్నా వినకుండా ఈ మంచులోకి వచ్చాడు.

"తొడ మీద," అన్నాడు. "బట్టల పైనుంచే గుచ్చెయ్యొచ్చు. గట్టిగా. నేను మీ అంత వేగంగా వెళ్ళలేనమ్మా. మీరు వెళ్ళగలరు."

ఎత్తు ఎక్కితే నా కూతురు. అది నా గుండెకి తగులుతున్నంత దగ్గర. ఒక్కసారి చూసి, ఒక్కసారి ఎత్తుకుని వెళ్తే ఏమవుతుంది అని ఒక మనసు. ఆ కాస్త సేపట్లో ఏమైనా కావచ్చు అని ఇంకో మనసు. ఇల్వా బాగుందనడానికి ఈయన మాట తప్ప నా దగ్గర ఏముంది? పొద్దున కడుపుబ్బా నవ్వుకున్నది ఈయన్ని చూసే కదా?

"మీరు వెనక్కి పొండి. కర్ర నుంచి కర్రకి. కర్ర కనపడకపోతే కదలొద్దు. వింటున్నారా?"

ఆయన తలూపాడు. నేను వెనక్కి తిరిగాను.

ఆ తిరుగుప్రయాణం నాకు సరిగా గుర్తు లేదు. గాలి వీపున తోస్తోంది, అదొక్కటే మేలు. కర్రలు లెక్క చేయలేదు, స్కీలు ఎటు పోతే అటు పోయాను. కళ్ళ ముందు ఒకటే, ఆ ఉంగరాల జుట్టు పిల్లాడు నల్లబడిన మొహంతో. వాడి పేరు కూడా నాకు తెలియదు. పేరైనా తెలియని పిల్లాడి కోసం అలా ఏడుస్తానని నేనెన్నడూ అనుకోలేదు.

తలుపు తోసుకుని స్కీ బూట్లతోనే లోపలికి పడ్డాను.

"పాలు! అత్తయ్యా, పాలు పట్టారా?"

"ష్!" అంది మా అత్తగారు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ పిల్లాడు, కళ్ళు మూసుకుని. పక్కన బల్ల మీద పాలసీసా.

వెళ్ళి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చటి ఊపిరి తగిలింది. మళ్ళీ తగిలింది. సీసా ఎత్తి చూశాను. నిండుగా ఉంది.

"పాలు కాగేలోపే నిద్రపోయాడే," అంది ఆవిడ గుసగుసగా. "నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపడం ఎందుకని..."

నేల మీద కూలబడ్డాను. చేతిలో సూదిమందు ఇంకా బిగించి పట్టుకునే ఉన్నాను. వీడు హాలండ్ ఆయన కొడుకేనని చెప్పాను. ఒక్క చుక్క అన్న మాట గుర్తు చేశాను. మా అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పాలసీసా అందుకుని, తలుపు తెరిచి, మంచులోకి విసిరేసింది. మళ్ళీ వచ్చి కూర్చుని వాడి పాదం పట్టుకుంది. వాడి పెదవులు తడిగా ఉన్నాయేమోనని ఎన్నిసార్లు చూసిందో! నేనూ చూశాను.

"సీసా నోటిదాకా తీసుకెళ్ళానే," అంది. "తీసుకెళ్ళాను. కళ్ళు మూశాడు."

ఐలిఫ్ గుట్ట దిగి వచ్చాడు. ఫోన్ కలిసిందని, మంచు స్కూటర్ బయల్దేరిందని చెప్పాడు. హాలండ్ ఆయన కొట్టుకి చేరాడో లేదో ఎవరికీ తెలియదు. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఇల్వా కోసం ఎంత భయపడ్డానో ఆ మనిషి కోసమూ అంతే భయపడ్డాను. కర్ర నుంచి కర్రకి అని చెప్పి ఒంటరిగా వదిలేసి వచ్చింది నేనే కదా.

చీకటి పడుతుండగా దీపం కనిపించింది, తర్వాత ఇంజను చప్పుడు. సహాయక దళం ఓడ్వార్ స్కూటర్ ఆపాడు. వెనక సీటులో దుప్పట్లు చుట్టుకుని హాలండ్ ఆయన. ఆ వెనక తాడుతో కట్టిన ఎర్ర పుల్క్. జిప్ మూసి ఉంది.

ఆయన దిగడమే ఆలస్యం, కాళ్ళు తడబడుతూ లోపలికి పరుగెత్తాడు. "ఫ్లోరిస్!" అని వాడి పేరు ఆయన నోటే మొదటిసారి విన్నాను. మా అత్తగారు పిల్లాణ్ణి రెండు చేతులతో అందించింది. "పట్టలేదు బాబూ. ఏమీ పట్టలేదు. చుక్క కూడా" అంటూ ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడడం అదే.

నేను పుల్క్ దగ్గర నిలబడ్డాను. వంగాను. జిప్ మీద చెయ్యి వేశాను. చెయ్యి కదలలేదు. మూత తీస్తే లోపల ఎవరుంటారో? ఎవరూ ఉండరేమో? పొద్దున్నుంచీ నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది.

"ఓడ్వార్, లోపల... మా పిల్లేనా? నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తానమ్మా, నిద్రపోతోందిగా. ఆయన్ని అడుగు," అన్నాడు ఓడ్వార్ విసుగ్గా. "ప్రతి మలుపులో బండి ఆపించాడు. దిగడం, జిప్ తీయడం, చూడడం, వేయడం. చెరువు మధ్యలో కూడా ఆపించాడమ్మా! నిద్రపోతున్న పిల్లని ఎవరైనా అలా లేపుతారా?"

హాలండ్ ఆయన కొడుకుని గుండెకి అదుముకుని గుమ్మంలోకి వచ్చాడు. "పుల్కులు వెనక్కి జరిపింది నేనేనండీ," అన్నాడు. "మీ పాప మీదే ఎక్కువ మంచు పడుతోందని... వరస తిరగబడిందని చూసుకోలేదు."

ఎవరిని తిట్టాలి? నా చెయ్యి ఇంకా జిప్ మీదే ఉంది. కళ్ళెత్తి అత్తగారి వంక చూశాను.

"లేపవే," అంది మా అత్తగారు, ముక్కు తుడుచుకుంటూ. "చూస్తావేం? లేపు."